ఎండాకాలంలో సౌర రేడియేషన్, ధూళి కొలతలకు దిగేముందు

ఏప్రిల్ ఆఖరు నుంచి రోహిణి కార్తె దాటేదాకా నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కొలతలు తీసే విద్యార్థులు ముందు చూసుకోవాల్సింది ఉత్తర దిక్కు. నెల్లూరులో ఏప్రిల్ ఆఖరు వారంలో, ఒంగోలులో మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. ఆ తర్వాత ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం కొంచెం ఉత్తరానికే ఉంటాడు. దక్షిణం ఖాళీగా ఉంటే చాలనుకుని పైరనోమీటర్‌కు (ఎండ తీవ్రతను కొలిచే పరికరం) ఉత్తరాన స్తంభమో వాటర్ ట్యాంకో వదిలేస్తే నీడ పడుతుంది. అడ్డు ఏదైనా దాని ఎత్తుకు పది రెట్ల దూరంలో ఉండాలి.

పైరనోమీటర్ మీద బోర్లించిన గిన్నెలా ఉండే గాజు డోమ్‌ను తెల్లవారకముందే తుడవండి. చీమకుర్తి క్వారీల దగ్గర పొడిగుడ్డ వేశారంటే రాతిపొడి గాజును గీసేస్తుంది. ముందు డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. పరికరం సమంగా ఉందో లేదో చూపే లెవెల్ బుడగ రోజూ చూడండి. మే నెలలో నెల్లూరులో సౌర మధ్యాహ్నం (సూర్యుడు ఆ రోజుకి అన్నిటికన్నా ఎత్తుకొచ్చే క్షణం) 12 దాటిన ఆరేడు నిమిషాలకు. మబ్బులేని రోజున గ్రాఫ్ శిఖరం అక్కడ లేకపోతే లెవెల్ అన్నా తప్పింది, రీడింగులు నమోదు చేసే లాగర్ గడియారమన్నా తప్పింది.

రాత్రిపూట పైరనోమీటర్ రీడింగు చదరపు మీటరుకు మైనస్ రెండు మూడు వాట్లు వస్తే కంగారుపడి సున్నా చేయకండి. డోమ్ ఆకాశానికి వేడి వదులుతుంది కాబట్టి అది మామూలే.

ధూళి లెక్కలో అసలు దెబ్బ కరెంటు కోతతోనే. పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళి రేణువులు) పట్టే శాంప్లర్ నిమిషానికి 16.67 లీటర్లు, అంటే గంటకు ఒక ఘనమీటరు గాలి పీలుస్తుంది. ఫిల్టర్ మీద 1.4 మిల్లీగ్రాములు చేరిందనుకోండి. 24 గంటలకు లెక్కిస్తే ఘనమీటరుకు 58 మైక్రోగ్రాములు, జాతీయ పరిమితి 60 కంటే తక్కువే. మధ్యలో మూడు గంటలు మోటారు ఆగి ఉంటే భాగించాల్సింది 21తో. అప్పుడు వచ్చేది 67, పరిమితి దాటినట్టే! అందుకే టైమర్ రీడింగు, మొదట్లో చివర్లో ఫ్లో (గాలి పీల్చే వేగం) తప్పకుండా రాయండి. ఫిల్టర్‌ను చేత్తో ముట్టుకోకండి, పట్టకారుతోనే తీయండి. వాడకముందూ వాడాకా ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమలో 24 గంటలుంచి తూచండి.

కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి తీరప్రాంతాల్లో చవక లేజర్ సెన్సార్లను గుడ్డిగా నమ్మొద్దు. ఉప్పు రేణువులు తేమ పీల్చి ఉబ్బితే సెన్సార్ దాన్ని కాలుష్యంగా చూపిస్తుంది. పక్కనే తేమ కొలవండి, 75 శాతం దాటిన గంటలను విడిగా గుర్తుపెట్టండి. గాలి దిక్కు కూడా రాయాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే ధూళి వచ్చే చోటే మారిపోతుంది.

పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలి ఆలస్యమైతే తీరంలోనూ వడగాడ్పే. అలాంటి రోజు ఫిల్టర్ మార్పిడి పది గంటలలోపు ముగించండి. మిద్దె మీదికి ఒక్కరే ఎక్కొద్దు. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి వెంట ఉంచుకోండి. తల తిరిగినా, మాట తడబడినా పని ఆపి నీడకు తీసుకెళ్ళి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి 108కి ఫోన్ చేయండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.