ఒంగోలు పాత చర్చిని చూసి రావడం ఎలా?

ఒంగోలులో చూడటానికి ఏముందని అడిగేవాళ్ళకు నేను చెప్పే మొదటి పేరు జ్యూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి. మీది ఏ మతమైనా ఒక పూట తీరిక చేసుకుని వెళ్ళండి.

అయితే కథ తెలుసుకుని బయలుదేరాలి. లేకపోతే గోడలూ కిటికీలూ తప్ప ఏమీ కనబడవు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే లైమన్ జ్యూయెట్ దొర, భార్యతో, కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, జాన్ క్లౌ వచ్చారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న జనానికి కూలి పని ఇచ్చారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు, అంటే నీట ముంచి క్రైస్తవంలో చేర్చుకోవడం, ఆపేశారు. అవి మళ్ళీ మొదలయ్యాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. అంటరానివాళ్ళంటూ ఊరు దూరం పెట్టిన ఆ కుటుంబాల్లో ఎందరికో మిషన్ బడిలోనే పలకా బలపం దక్కాయి. నాకు ఈ చర్చి ముఖ్యంగా కనిపించేది అందుకే.

తర్వాత రోజు ఎంచుకోండి. కట్టడాన్ని తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు ఉదయం మేలు. తలుపు వేసి ఉంటే వాచ్‌మన్‌నో, పాస్టరు గారినో అడగండి. నా సలహా మాత్రం ఆదివారం ఆరాధనకే వెళ్ళమని. జనం గొంతెత్తి పాడుతుంటే విన్నాకే ఆ చోటు అర్థమవుతుంది. క్రిస్మస్, ఈస్టర్ రోజుల్లో రద్దీ ఎక్కువ, చూడటానికి వీలుపడదు.

గుడికి వెళ్ళేటప్పుడు వేసుకునే బట్టలే ఇక్కడికీ సరిపోతాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఉంటే మీరూ విడవండి. మన చర్చిల్లో చాలాచోట్ల ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు, గమనించి కూర్చోండి. ఎవరైనా "వందనాలండీ" అంటే మీరూ వందనాలు చెప్పండి. అందరూ లేచినప్పుడు లేచి నిలబడితే మర్యాద. కానుకల సంచి వస్తే వేయాలన్న బలవంతం ఏమీ లేదు. ప్రభు బల్ల, అంటే యేసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచడం, ఉన్న రోజైతే వాటిని తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించండి. అది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే.

ఫొటోలు అడిగాకే తీయండి. కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళ ముఖం మీద కెమెరా పెట్టడం మాత్రం ఎవరు ఒప్పుకున్నా వద్దు.

బయటికొచ్చాక పెద్దవాళ్ళెవరైనా కనిపిస్తే కాసేపు మాట్లాడండి. "మీ తాతముత్తాతలు ఎప్పుడు చేరారండీ?" అని అడిగితే చాలు, పుస్తకాల్లో దొరకని సంగతులు చెబుతారు.

ఓపిక ఉంటే జ్యూయెట్ దొర ప్రార్థించిన కొండ, ప్రేయర్ మీటింగ్ హిల్, కూడా ఎక్కండి. ఎండ ముదరకముందే వెళ్ళాలి, నీళ్ళ సీసా మర్చిపోవద్దు. వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరాన మద్దిపాడు మండలంలో ఉంది. చర్చి, కొండ ఉదయం ముగించుకుంటే సాయంత్రానికి గుండ్లకమ్మ కూడా చూసి రావచ్చు.