ఎడారి నడకలో ఎండ కంటే గాలితోనే జాగ్రత్త

రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపు థార్ ఎడారి నడకకు వెళ్దామనుకుంటున్న మనవాళ్ళు ఒక మాట తప్పకుండా అంటారు: "గుంటూరోళ్ళం, మాకు ఎండ కొత్తా?" నేను మిర్చి యార్డులో కాటా దగ్గర గుమస్తాని. ఎండ, దుమ్ము, ఘాటు మూడూ కలిసి వస్తే ఎలా ఉంటుందో బాగా తెలుసు. అయినా చెప్తున్నాను, మన ఎండ అనుభవం అక్కడ సగమే పనికొస్తుంది.

మన దగ్గర చెమట కారుతుంది. చొక్కా వీపుకి అంటుకోగానే నీళ్ళు గుర్తొస్తాయి. థార్‌లో గాలి పొడి గాలి, పైగా ఆగకుండా వీస్తుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంటికి హాయిగా కూడా ఉంటుంది, అదే ప్రమాదం. సాయంత్రం చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తే గానీ ఎంత నీరు పోయిందో తెలీదు. ఎండలో బరువు మోస్తూ నడిచే మనిషికి గంటకు లీటరు దాకా పోవచ్చు.

అందుకే పావుగంటకోసారి వాచీ చూసి నాలుగు గుక్కలు తాగండి. అలాగని ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు పట్టించకూడదు. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా గుట్టగా కాదు, వేలితో చదును చేసి కొలవాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే అప్పటికే వెనకబడ్డారని అర్థం.

ఇక తువ్వాలు. టోపీ ఒక్కటీ చాలదు, గాలికి ఎగిరిపోతుంది. యార్డులో ఘాటుకి మా హమాలీలు కట్టుకునే పద్ధతే అక్కడా పనికొస్తుంది. రెండు మీటర్ల పలుచని నూలు గుడ్డ తీసుకోండి. నుదుటి మీదుగా తలపై వేసి, కుడి కొస పొట్టిగా, ఎడమ కొస పొడుగ్గా వదలండి. పొడుగు కొసను ముక్కు మీదుగా తిప్పి, తల వెనక నుంచి తెచ్చి, చెవి పక్కన మడతలోకి దోపండి. మెడ వెనక ముడి మాత్రం వేయొద్దు, బ్యాగు పట్టీకి ఒరుసుకుని గంటలో చర్మం లేస్తుంది. చేతులు పూర్తిగా కప్పే వదులు చొక్కా వేసుకోండి. కళ్ళజోడు తప్పనిసరి. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లోనే పెట్టేయండి.

తెల్లవారకముందే బయల్దేరితే సగం టెన్షన్ తీరిపోతుంది. నేల కాగే కొద్దీ గాలి లేస్తుంది. పదిన్నరకల్లా నీడ వెతుక్కుని నాలుగింటిదాకా కదలకండి. అక్కడ 'ఖేజ్డీ' అంటారే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, అది మన జమ్మి చెట్టే. దసరాకి మనం ఆకు పంచుకునే చెట్టు కింద అక్కడ మేకలూ మనుషులూ కలిసి పడుకుంటారు. ముళ్ళు చూసుకుని కూర్చోండి.

ఇసుక తిన్నెకి గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా ఉంటుంది. అటునుంచే ఎక్కండి. అవతలి వైపు నిటారుగా ఉండి, అడుగు వేస్తే కూలిపోతుంది. ప్రాక్టీసు కావాలంటే వేసవిలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో ఇసుక తేలినచోట, నీళ్ళకు దూరంగా, ఆరు లీటర్ల నీళ్ళ బరువు వేసుకుని గంట నడవండి. పిక్కలే చెప్తాయి.

ఇసుక గాలి లేస్తే మొండిగా నడవకండి. మీ అడుగుల గుర్తులు కూడా చెరిగిపోతాయి, దిక్కు తప్పుతారు. రేణువులు ఎక్కువగా మోకాళ్ళ లోపు ఎత్తులోనే పరిగెడతాయి కాబట్టి పల్లంలో కాకుండా కాస్త ఎత్తులో, గాలికి వీపు పెట్టి, అందరూ ఒకచోట కూర్చోండి. ఉరుములు వినిపిస్తే మాత్రం ఎత్తులో ఉండొద్దు.

తోటివాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. అప్పటిదాకా శత్రువైన గాలి అప్పుడు మందవుతుంది. తాగే నీళ్ళైనా సరే ఒంటి మీద పోసేయండి, స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం పోయకండి. 112కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఎటు పరిగెత్తాలో బయల్దేరేముందే అనుకుని ఉండాలి.

తిండి సంగతి చిన్నదే. వేరుశనగ ఉండలు, ఉప్పు శనగలు, మధ్యాహ్నంలోపు తినేసేటట్టయితే పులిహోర. గోంగూర పచ్చడి తేవచ్చా అంటారు. తెచ్చుకోండి, రాత్రి సజ్జ రొట్టెలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. పగలు మాత్రం డబ్బా మూత తీయకండి.