వీల్‌చైర్‌తో క్రూయిజ్: డబ్బు కట్టే ముందు తేల్చుకోవలసినవి

ఓడ ఎక్కేశాక వీల్‌చైర్‌కి పెద్దగా ఇబ్బంది ఉండదు. కొత్త ఓడల్లో లిఫ్టులు బోలెడు, నేల చదును, భోజనాల హాలు నుంచి థియేటర్ దాకా అంతా ఒకే కప్పు కింద. నడవలేని మనిషిని తిప్పి చూపించాలంటే రోజుకో హోటల్ మారే టూర్ల కన్నా క్రూయిజే నయమని నేనూ అంటాను. చిక్కల్లా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటే దగ్గరే వస్తుంది. క్యాబిన్ గుమ్మం, బాత్‌రూమ్ గడప, ఓడకీ రేవుకీ మధ్య వేసే గ్యాంగ్‌వే, రేవు లేనిచోట ఒడ్డుకు చేర్చే చిన్న పడవ, ఒడ్డున బస్సు మెట్టు. కుర్చీ ఆగిపోయేది వీటి దగ్గరే. అందుకే "మా ఓడ పూర్తిగా యాక్సెసిబులేనండీ" అని ఏజెంటు అనగానే తల ఊపకుండా, ఈ ఒక్కో చోటూ ఎలా దాటాలో విడివిడిగా అడగాలి.

ముందు టేపు తీయండి

కుర్చీని కొలవండి. సీటు వెడల్పు కాదు, చక్రాల పక్కన చేత్తో తిప్పే రింగుల అంచు నుంచి అంచు దాకా. సీటు 18 అంగుళాలని రాసి ఉన్న మామూలు కుర్చీ బయటి కొలత 25, 26 అంగుళాలు వస్తుంది. చాలా ఓడల్లో మామూలు క్యాబిన్ తలుపు 22, 23 అంగుళాలే. ఇక లెక్క చెప్పక్కర్లేదు. "మడిచి లోపల పెట్టుకుందాం, నాలుగడుగులు నడిపిద్దాం" అనుకోవచ్చు, కానీ ఆ నాలుగడుగులు సముద్రం ఊపుతున్నప్పుడు, అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు కూడా వెయ్యగలగాలి.

కుర్చీని రాత్రికి వరండాలో వదిలేద్దామంటే ఒప్పుకోరు. అగ్ని ప్రమాదం జరిగితే జనం బయటపడాల్సిన దారి అది. వీల్‌చైర్ అయినా, బ్యాటరీ స్కూటర్ అయినా క్యాబిన్ లోపలే ఉండాలి, ఛార్జింగూ అక్కడే. అందుకే వీల్‌చైర్ క్యాబిన్‌కి తలుపు సుమారు 32 అంగుళాలు పెట్టి, లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల జాగా వదులుతారు.

కుర్చీ వెడల్పు, పొడవు, ఎత్తు, బరువు, మడిస్తే ఎంత, బ్యాటరీ ఏ రకం. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. క్రూయిజ్ కంపెనీ, ఎయిర్‌లైన్, టూర్ నడిపేవాళ్లు, అందరూ తిప్పితిప్పి అడిగేది అదే.

క్యాబిన్ పేరు కాదు, లోపలి కొలతలు

యాక్సెసిబుల్ అన్న ఒక్క మాట కింద రెండు రకాల క్యాబిన్లు ఉంటాయి. మొదటిది పూర్తిగా కుర్చీ మీదే ఉండేవాళ్లకి: వెడల్పు తలుపులు, గడప లేని బాత్‌రూమ్, కుర్చీతో సహా లోపలికి వెళ్లగలిగే షవర్, అందులో కూర్చోవడానికి మడత పలక, పట్టుకోవడానికి గోడకి కడ్డీలు. రెండోది ఇంట్లో నాలుగడుగులు వేస్తూ, దూరాలకే కుర్చీ వాడేవాళ్లకి. దాంట్లో కడ్డీలుంటాయి కానీ తలుపు ఇరుకు కావచ్చు, గడప ఉండొచ్చు, కుర్చీ తిరిగే చోటు లేకపోవచ్చు. వెబ్‌సైట్‌లో రెండింటి పక్కనా ఒకే వీల్‌చైర్ బొమ్మ కనబడితే ఆశ్చర్యపోకండి. మీకు కావలసింది ఏదో బుకింగ్ కాగితం మీద కనబడాలి.

కంపెనీలో ప్రత్యేక అవసరాలు చూసే విభాగం వేరే ఉంటుంది. మామూలు బుకింగ్ నంబరుకి ఫోన్ చేసి గంట మాట్లాడడం కన్నా ఆ విభాగానికి ఒక మెయిల్ పెట్టడం మేలు, జవాబు రాతలో ఉంటుంది. మెయిల్ ఇలా ఉంటే చాలు:

"మా పెద్దమ్మ ఒక్క అడుగు కూడా వెయ్యలేరు. కుర్చీ బయటి వెడల్పు 26 అంగుళాలు. మీరు ఇస్తున్న క్యాబిన్ నంబరులో బాత్‌రూమ్ తలుపు తెరిచాక మిగిలే ఖాళీ ఎన్ని అంగుళాలు? గడప ఉందా, ఉంటే ఎత్తెంత? కమోడ్‌కి ఏ పక్క ఖాళీ, కడ్డీ ఏ పక్క? మంచం ఎత్తెంత, కింద ఖాళీ ఉందా? బాల్కనీ గుమ్మానికి ర్యాంప్ ఉందా?"

కమోడ్ ప్రశ్న మరీ చిల్లరగా ఉందనిపిస్తుంది. కానీ పక్షవాతం వచ్చినవాళ్లకి బలం ఏ చేతిలో ఉంటే కడ్డీ ఆ పక్కనే ఉండాలి. చాలా ఓడల్లో ఒక పక్క క్యాబిన్లకి రెండో పక్కవి తిరగబడి ఉంటాయి. కుడివైపు క్యాబిన్లో కడ్డీ పనికిరాని పక్కకి వస్తే ఎడమవైపు క్యాబిన్ అడిగితే సరిపోవచ్చు. ముందుగా అడిగితే ఒక నంబరు మార్పుతో పోయేది, ఎక్కాక తెలిస్తే ప్రయాణమంతా ఇద్దరు కలిసి లేపి కూర్చోబెట్టాలి. మంచం కింద ఖాళీ ఎందుకంటే, మనిషిని ఎత్తే హాయిస్ట్ వాడేవాళ్లకి దాని కాళ్లు మంచం కిందికి దూరాలి. రెండు మంచాలు కలిపి వేసి ఉంటే విడదీయమనండి, లేదా గోడకి జరపమనండి.

ఇలాంటి క్యాబిన్లు ఓడకి కొన్నే ఉంటాయి, సెలవుల రోజుల్లో అవే ముందు అయిపోతాయి. నెలల ముందే పట్టుకోవాలి. "గ్యారంటీ" పేరుతో చవగ్గా అమ్మే టికెట్లలో క్యాబిన్ కంపెనీ ఇష్టం, వాటి జోలికి పోవద్దు. ముందు మామూలు క్యాబిన్ తీసుకుని తర్వాత మార్పించుకుందాం అన్న ఆశా వద్దు. దొరికితే ఓడ మధ్యలో, లిఫ్టుకి దగ్గర్లో తీసుకోండి. ఊపు తక్కువ. పైగా ఆ మందపాటి కార్పెట్ మీద కుర్చీ తోయడం ఎంత పనో ఒక పూట తోస్తే గాని తెలీదు.

షవర్ స్టూలు, కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు, ఇన్సులిన్‌కి ఫ్రిజ్, సూదులు పారేసే డబ్బా లాంటివి అడిగితే ఏర్పాటు చేస్తారు, అదీ ముందుగా అడిగినవాళ్లకి. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే ఏర్పాటు) ఉన్న ప్లగ్ బోర్డులు మాత్రం తీసుకెళ్లకండి. ఓడ కరెంటు వ్యవస్థలో అవి మంటలు పుట్టించే ప్రమాదముంది, తనిఖీలో లాక్కుంటారు. ఛార్జరు తీగ పొడవు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ ఓడవాళ్లనే అడగండి.

సహాయం ఎక్కడి దాకా?

చాలామంది తడబడేది ఇక్కడ. వీల్‌చైర్ సహాయం కావాలని టిక్కు పెడితే టెర్మినల్ దగ్గర కుర్చీతో మనిషి వస్తాడు, క్యాబిన్ దాకా తోసుకెళ్తాడు, దింపి ఆ కుర్చీ పట్టుకుని వెళ్లిపోతాడు. ఓడలో ఉండే కుర్చీలు ఎక్కించడానికి, దించడానికి, అత్యవసరాలకి. ప్రయాణమంతా వాడుకోవడానికి కావు. సొంతది తెచ్చుకోవాలి, లేదా ఓడరేవుల్లో అద్దెకిచ్చే సంస్థలతో మాట్లాడి నేరుగా క్యాబిన్‌కి తెప్పించుకోవాలి. అలాగే సిబ్బంది మనిషిని ఎత్తరు, స్నానం చేయించరు, బట్టలు మార్చరు. ఆ పనులు చెయ్యగలిగినవాళ్లు ఒకరు వెంట ఉండాలి. ఆ ఒకరికి నడుం నొప్పి ఉంటే ఇద్దరుండాలి.

యూరోపియన్ యూనియన్ రేవుల్లో మొదలయ్యే క్రూయిజ్‌లకి 1177/2010 అనే నిబంధన వర్తిస్తుంది. 48 గంటల ముందు చెబితే రేవులో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సహాయం ఉచితంగా చెయ్యాలి. క్యాబిన్, పరికరాల సంగతి మాత్రం బుకింగ్ నాడే చెప్పాలని అందులోనే ఉంది. అమెరికా జలాల్లోకి వచ్చే విదేశీ జెండా ఓడలకు కూడా అక్కడి వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని 2005లో ఆ దేశపు సుప్రీం కోర్టు తీర్పిచ్చింది, అంతర్జాతీయ భద్రతా నియమాలకు అడ్డు రానంత వరకు. హక్కులున్నాయి కదా అని అడగడం మానొద్దు.

ఓడ దగ్గరికి విమానంలో వెళ్లాలంటే బ్యాటరీ సంగతి విడిగా చూడాలి. తీసే వీలున్న లిథియం బ్యాటరీకి ఎయిర్‌లైన్ల మామూలు పరిమితి 300 వాట్-అవర్లు, రెండు బ్యాటరీల కుర్చీ అయితే ఒక్కోటి 160. తీసిన బ్యాటరీ చేతి సామానులోనే రావాలి. విమానం టికెట్ మీద ఏ సహాయం రాయించారో కూడా చూడండి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లెక్కగలరు, దూరం నడవలేరని. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లెక్కలేరని. అసలు నడవలేనివాళ్లకి డబ్ల్యూసీహెచ్‌సీ ఉండాలి, సీటు దాకా తీసుకెళ్లేది దాంతోనే. ఓడ బయల్దేరే రోజున కాకుండా ముందు రోజే ఆ ఊరు చేరుకోండి. కుర్చీ తర్వాతి విమానంలో వచ్చినా ఒక రాత్రి చేతిలో ఉంటుంది.

రేవుల జాబితానే అసలు పరీక్ష

ఓడ ఎంత బాగున్నా, అది ఆగే ఊళ్లు ఎలాంటివో చూడకుండా డబ్బు కట్టొద్దు. ప్రయాణ పట్టికలో ఒక్కో రేవు పక్కన "డాక్" అని ఉందా, "టెండర్" అని ఉందా చూడండి. డాక్ అంటే ఓడ రేవుకి ఆనుకుని నిలబడుతుంది. టెండర్ అంటే సముద్రంలో లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు దింపుతారు. కేమన్ దీవుల్లోని జార్జ్‌టౌన్‌లో దిగాలన్నా, గ్రీసులో సాంటొరీని చూడాలన్నా టెండరే. పడవకీ ఓడకీ మధ్య ఖాళీ అలలతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక్క అడుగైనా వేసి దాటగలరా అని సిబ్బంది అడుగుతారు. బరువైన పవర్ కుర్చీలను చాలాచోట్ల ఎక్కించుకోరు. ముందు ఒప్పుకున్నా, ఆ పూట అలలు చూసి కెప్టెన్ వద్దంటే అంతే. కొన్ని కొత్త ఓడల్లో పడవ ఎత్తుకి సమంగా దిగే వేదికలు వచ్చాయి. 2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్‌లో ఓడ పక్కన పైకీ కిందికీ కదిలే అలాంటి వేదిక ఉంది.

సాంటొరీనిలో పడవ దిగినంత మాత్రాన అయిపోదు. ఊరు కొండ మీద ఉంటుంది. పాత రేవు నుంచి పైకి వెళ్లాలంటే దాదాపు 600 మెట్లు, లేదా గాడిదలు, లేదా కేబుల్ కార్. ఆ కేబుల్ కార్ స్టేషన్లోనూ మెట్లున్నాయి. ఇలాంటి రోజున మనిషి ఓడలోనే ఉండిపోవాల్సి వస్తుందని ఇంటి దగ్గరే మాట్లాడుకోవాలి. "నేనుంటాలే, మీరు వెళ్లిరండి" అని పెద్దవాళ్లు ఎలాగూ అంటారు. ఆ మాట మీద అందరూ దిగిపోకుండా ఎవరు ఏ రోజు ఉండాలో ముందే వంతులు వేసుకోండి. ఒక రోజైతే సరదాగానే గడుస్తుంది, ఖాళీ డెక్కు, ఖాళీ లిఫ్టులు. వారంలో నాలుగు టెండర్లు ఉంటే మాత్రం ఆ క్రూయిజ్ వదిలేసి వేరేది వెతకండి.

డాక్ అని ఉన్నా గ్యాంగ్‌వే వాలు చూడాలి. ఆటుపోట్లను బట్టి ఓడ లేస్తుంది, దిగుతుంది. కెనడాలోని సెయింట్ జాన్‌లో ఆటుకీ పోటుకీ నీటిమట్టం ఎనిమిది మీటర్ల దాకా మారుతుంది. పొద్దున హాయిగా దిగిన వంతెన మధ్యాహ్నానికి నిట్టనిలువుగా ఉండొచ్చు. వాలు ఎక్కువైతే మీరే తోసెయ్యకండి, గ్యాంగ్‌వే దగ్గరి సిబ్బందిని పిలవండి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి, మనిషి ముఖం ఓడవైపు ఉండాలి. ముందుకు దించితే జారి పడతారు.

నది క్రూయిజ్ చిన్నది కదా, సులువేమో అనుకుంటారు. నా సలహా అడిగితే కుర్చీ దిగలేనివాళ్లకి వద్దు. నది ఓడల్లో లిఫ్టు ఉన్నా తరచుగా పై డెక్కుకి పోదు. రేవులో చోటు లేక ఓడల పక్కన ఓడలు కట్టేస్తారు, అప్పుడు పక్క ఓడలోంచి, ఒక్కోసారి దాని పై డెక్కు మీదుగా మెట్లెక్కి దిగితేగాని ఒడ్డు రాదు.

ఒడ్డున తిరిగే టూర్లకి "లిఫ్టున్న బస్సు" అని రాతలో ఉండాలి. "తక్కువ నడక" అని రాసిన టూరుకి మెట్లున్న బస్సే రావచ్చు. సొంతంగా కారు మాట్లాడుకుంటే ఆలస్యమైనా ఓడ ఆగదని గుర్తుంచుకోండి.

ఓడలో మొదటి రోజు

సామాను క్యాబిన్‌కి రావడానికి సాయంత్రం అవుతుంది. మందులు, ఛార్జరు, కుర్చీ కుషన్, డైపర్లు, చక్రం బోల్టులు బిగించే చిన్న పనిముట్లు చేతి సంచిలోనే ఉండాలి.

2015 నుంచి అంతర్జాతీయ నియమం ప్రకారం ఓడ కదిలేలోపే, లేదా కదిలిన వెంటనే, భద్రతా డ్రిల్ జరగాలి. ఆ రోజే సిబ్బందిని సూటిగా అడగండి: అలారం మోగితే లిఫ్టులు ఆగిపోతాయి కదా, ఈవిడని ఎవరు, ఏ మెట్ల మీదుగా, దేని మీద తీసుకెళ్తారు? మెట్ల మీద దింపే ప్రత్యేక కుర్చీలు ఉంటాయి. మీ క్యాబిన్ నంబరు వాళ్ల సహాయ జాబితాలో ఎక్కిందో లేదో కళ్లతో చూసుకోండి.

కుర్చీ ఆగిన ప్రతిసారీ బ్రేకు వెయ్యండి, సముద్రం అద్దంలా ఉన్నా సరే. వాంతులు ఆపే మాత్రలు చాలావరకు మత్తు తెస్తాయి, కుర్చీలోంచి మంచం మీదికి మారేటప్పుడు కాళ్లు తేలిపోతాయి. మొదటి మాత్ర వేసే ముందు రోజూ వాడే మందులతో సరిపడుతుందో లేదో మీ డాక్టరునే అడగండి.

చివరి రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెట్టమంటారు. ఛార్జరు వాటిలో వెళ్లిపోకుండా చూడండి. దిగేనాటి సహాయానికి ఏ హాల్లో, ఎన్ని గంటలకి కూర్చోవాలో ముందు రోజే రిసెప్షన్‌లో రాయించుకోండి. రేవులో దిగాక ఇంటి బాట పట్టకుండా ముందు కుర్చీని ఒకసారి చుట్టూ చూసుకోండి: చక్రం వంగిందా, పాదాల పలక విరిగిందా, జాయ్‌స్టిక్ పనిచేస్తోందా. బయల్దేరే ముందు తీసిన ఫొటోలు పక్కన పెట్టి చూసి, దెబ్బ తగిలి ఉంటే టెర్మినల్ దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి దాని నకలు తీసుకోండి.