చిన్నపిల్లలతో ఇంట్లో క్రిస్మస్ అలవాట్లు మొదలుపెట్టడం ఎలా, మేం చేసేది చెప్తాను

మా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో క్రిస్మస్‌కి ఎవరూ ప్లాన్ చేసేవాళ్ళు కాదు. నవంబర్ ఆఖర్లో నాన్న అటక మీద నుంచి స్టార్ ఫ్రేము దించేవారు, అమ్మ అరిసెలకి బియ్యం నానబోసేది, అర్ధరాత్రి క్యారల్స్ వాళ్ళు డప్పు కొట్టుకుంటూ వచ్చేవాళ్ళు, అంతే, మాకు పండగ వచ్చేసేది. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఇద్దరు చిన్నపిల్లలతో అదంతా దానంతటది రాదు, మనం కూర్చుని మొదలుపెడితేనే వస్తుంది. ఈ సంగతి మా పెద్దదానికి మూడేళ్ళు వచ్చేదాకా నాకు తట్టలేదు. ఆ ఏడాది సండే స్కూల్లో టీచర్ క్రిస్మస్ అంటే ఏంటమ్మా అని అడిగితే మా పాప "కేకు" అందంట. పాప తప్పేం లేదు, ఇంట్లో దానికి మేం చూపించింది అదే కదా.

ఆ ఏడాదే పంతం పట్టి డిసెంబర్ 1 నుంచి 24 దాకా రోజుకో కవరు చేశాను, ప్రతి కవర్లో ఒక బైబిల్ వాక్యం, ఒక బొమ్మ పని, ఒక చాక్లెట్. 5 రోజులు బాగానే నడిచింది, తర్వాత ఒకరోజు ఆఫీస్ నుంచి లేటు, ఇంకోరోజు పాపకి జ్వరం, ఆ తర్వాత ఊరి నుంచి చుట్టాలు, 12వ తారీకు వచ్చేసరికి తెరవని కవర్లు నాలుగు గోడకి అలాగే వేలాడుతున్నాయి, వాటిని చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. అందుకే ముందే చెప్తున్నా, మొదటి ఏడాది మూడు పనులకి మించి పెట్టుకోవద్దు. ఏ పని అయినా పెట్టుకునే ముందు ఇది చూసుకోండి: అందులో పిల్లల చేతికి పని ఉందా, వచ్చే ఏడాది నేను బాగా అలిసిపోయి ఉన్నా ఇది చెయ్యగలనా. ఈ రెండిట్లో ఒకటి కాదు అనిపించినా వదిలెయ్యండి, ఎంత అందంగా ఉన్నా సరే. మనం చేసి చూపిస్తే పిల్లలు చూస్తారు, పది నిమిషాల్లో వెళ్ళిపోతారు, వాళ్ళ చేత్తో చేసింది మాత్రం మళ్ళీ ఏడాది వాళ్ళే అడుగుతారు.

మా ఇంట్లో ముందు నిలబడింది స్టార్. రెడీమేడ్ స్టార్ కొనడం తేలికే, కానీ ఒక్కసారి వెదురు ఫ్రేము చేసుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది, ప్రతి ఏడాదీ కాగితం మారిస్తే సరిపోతుంది. వెదురు తడికెలు, నిచ్చెనలు అమ్మేవాళ్ళని అడిగితే సన్నటి బద్దలు చీల్చి ఇస్తారు, 2 అడుగులవి 10, 4 అంగుళాలవి 5 కావాలి. పెద్ద బద్దలు 5 తీసుకుని, పెన్సిల్ ఎత్తకుండా స్టార్ గీస్తాం చూడండి, అలా ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు దారంతో గట్టిగా కట్టాలి. ఇలాంటివే రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొసలూ కలిపి కట్టేసి, మధ్యలో బద్దలు దాటుకునే ఐదు చోట్ల ఆ చిన్న పుల్లలు నిలబెట్టి కడితే స్టార్‌కి పొట్ట వస్తుంది, లోపల బల్బుకి చోటు వస్తుంది. ఇది పెద్దవాళ్ళ పని, బద్దలు చేతికి చీరుకుంటాయి కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు, ముందురోజు రాత్రే చేసి పెట్టుకోండి.

పిల్లల పని కాగితం దగ్గర మొదలవుతుంది. మైదాపిండి నీళ్ళలో కలిపి ఉడకబెట్టిన జిగురు ఒక గిన్నెలో పోసి ఇచ్చేస్తే రెండేళ్ళ పిల్లలు కూడా పూస్తారు, నేల మీద పాత దుప్పటి పరవండి, జిగురు ఎక్కువైనా ఏమీ అనొద్దు, ఆరాక కనపడదు. ఏ రంగు కాగితం అనేది వాళ్ళే చెప్పాలి, మావాళ్ళు ఒక ఏడాది ఎరుపు, ఒక ఏడాది పసుపు, పోయినేడు ఇద్దరూ కొట్టుకుని సగం నీలం సగం గులాబీ. వెనకవైపు ఒక చోట కాగితం అంటించకుండా తలుపులా వదలండి, బల్బు మార్చాలంటే అదే దారి. లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాతకాలం బల్బులు వేడెక్కుతాయి, కాగితం కదా. సాయంత్రం స్విచ్ వేసేది మా ఇంట్లో చిన్నోడు, వాడికి నాలుగేళ్ళు, డిసెంబర్ నెలంతా ఆ ఉద్యోగం వాడిదే, మేం పొరపాటున వేసేస్తే ఆపేసి మళ్ళీ వాడే వేస్తాడు.

రెండోది యేసు పుట్టాడని చెప్పుకునే పశువుల పాక. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం. చెప్పుల డబ్బా ఒకటి పక్కకి పడుకోబెడితే పాక అయిపోతుంది, పైన నాలుగు తాటాకు ముక్కలో అట్టముక్కలో కప్పండి. బొమ్మలు కొనక్కర్లేదు, బంకమట్టితో పిల్లలు చేసినవి చాలు, మా ఇంట్లో గొర్రె ఏదో కుక్క ఏదో తెలియదు గానీ వాళ్ళకి తెలుసు. 14, 15 తారీకుల్లో గోధుమలు నానబెట్టి ఒక ప్లేటులో మట్టి మీద చల్లి రోజూ కాసిని నీళ్ళు చిలకరిస్తే 24కి పాక ముందు పచ్చటి గడ్డి వస్తుంది, ఆ నీళ్ళు చల్లడం ఒకరి డ్యూటీ చేసెయ్యండి. 1223లో ఇటలీలో గ్రేచో అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజం ఎద్దునీ గాడిదనీ కట్టేసి, గడ్డి వేసి, ఊరివాళ్ళకి బెత్లెహేము రాత్రి ఎలా ఉందో చూపించాడంట, ఈ కథ చెప్తే మా పాప మనమూ నిజం దూడని తెద్దాం అని రెండ్రోజులు వదల్లేదు.

ఆ పాకలో పశువుల మేత తొట్టి మాత్రం డిసెంబర్ 1న ఖాళీగా పెట్టండి. పక్కన ఒక పిడికెడు వరిగడ్డి. డిసెంబర్‌కి మా వైపు వరికోతలు అవుతూ ఉంటాయి, ఊరి నుంచి ఎవరు వస్తున్నా నాన్న ఒక చిన్న కట్ట కొత్త గడ్డి పంపిస్తారు, దొరక్కపోతే పాలవాళ్ళని అడగండి, వాళ్ళూ లేకపోతే కాగితం సన్నగా కత్తిరించినా సరే. రోజూ పడుకునేముందు ఇవాళ ఎవరికి ఏం సాయం చేశావు అని అడిగి, చెప్పిన ఒక్కో పనికీ ఒక గడ్డిపరక తొట్టిలో వెయ్యనివ్వండి. తమ్ముడికి చెప్పులు తొడిగా, వాచ్‌మెన్ తాతకి నీళ్ళిచ్చా, ఇలాంటివి. 24 రాత్రికి ఆ గడ్డి మీద బాలయేసు బొమ్మని పడుకోబెడతాం, అంతవరకు ఆ బొమ్మ బీరువాలో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త, అల్లరి చేస్తే గడ్డి తీసేస్తా అని ఎప్పుడూ అనొద్దు. నేను ఒకసారి అన్నాను, పాప మొహం చూశాక మళ్ళీ అనలేదు. అది మార్కుల లెక్క అయిపోతే ఇంక పండగ ఏముంటుంది. పోయినేడు మా చిన్నోడు "గడ్డి గుచ్చుకోదా అమ్మా బాబుకి" అని అడిగి, నా డ్రెస్సింగ్ టేబుల్ మీద దూది తెచ్చి పరకల మీద పరిచాడు. ఆ మాట నేను ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాను, ప్రతి క్రిస్మస్‌కీ పిల్లలు అన్న మాటలు ఒకటో రెండో తారీకు వేసి అందులో రాస్తాను, కింద వాళ్ళు ఒక బొమ్మ గీస్తారు. దీనికి పట్టే టైం 5 నిమిషాలు, మీరు మిగతావేవీ చెయ్యలేకపోయినా ఇది చెయ్యండి.

ఇంక యేసు పుట్టిన కథ. బైబిల్లో లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలు ఉన్నాయి, పెద్దపిల్లలుంటే డిసెంబర్‌లో రోజుకొకటి చదివితే 24కి అయిపోతుంది. కానీ చిన్నపిల్లలకి అంత కూర్చోబుద్ధి కాదు. మేం రెండో అధ్యాయంలో మొదటి 20 వచనాలనే నాలుగు ముక్కలు చేసి నాలుగు ఆదివారాల సాయంత్రాలు చెప్తాం, మొదటివారం యోసేపు మరియ ప్రయాణం, రెండోవారం సత్రంలో చోటు లేక తొట్టిలో పడుకోబెట్టడం, మూడోవారం పొలంలో గొర్రెల కాపరులకి దూత కనపడడం, నాలుగోవారం వాళ్ళు పరిగెత్తుకుంటూ వెళ్ళి చూడడం. సీఎస్‌ఐ, లూథరన్, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) సంఘాల వాళ్ళకి క్రిస్మస్ ముందు వచ్చే ఈ నాలుగు వారాల్నీ అడ్వెంట్ అంటారని తెలుసు, వారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు, అడ్వెంట్ పాటించని సంఘాల వాళ్ళు కూడా కథ చెప్పుకోడానికి ఈ లెక్క వాడుకోవచ్చు. మా ఇంట్లో కథ చెప్పేది ఊళ్ళో ఉన్న మా నాన్న, వీడియో కాల్‌లో. ఆయన "ఒరేయ్, అప్పుడు రైళ్ళూ లేవు బస్సులూ లేవు" అని మొదలుపెడితే పిల్లలు ఫోన్ ముందు నుంచి కదలరు. అమెరికాలో ఉన్న మా మరిది వాళ్ళు కూడా ఇదే చేస్తున్నారు, వాళ్ళకి శనివారం రాత్రి, మాకు ఆదివారం పొద్దున, ఎలాగో కుదుర్చుకుంటున్నారు, పిల్లలకి తెలుగులో వాక్యం వినపడేది ఆ పది నిమిషాలే అని మా తోడికోడలు అంటుంది.

వంటల్లో పిల్లలకి సరిపడేది గవ్వలు. అరిసెల పాకం, గులాబీ పువ్వుల అచ్చు, ఇవి నూనె దగ్గర పనులు, వాళ్ళకి కాదు. 2 కప్పుల మైదాలో చిటికెడు ఉప్పు, 2 చెంచాల వేడి నెయ్యి వేసి కలిపి, నీళ్ళు చిలకరిస్తూ చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా తడిపి 20 నిమిషాలు మూతపెట్టండి. గోలీకాయంత ఉండలు చేసి గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకి తొయ్యాలి, చెక్క లేకపోతే ఫోర్కు వెనకభాగం చాలు. పిల్లల వేలు చిన్నది కాబట్టి గవ్వ ఎంత ముద్దుగా వస్తుందో. సన్నటి సెగ మీద వేయించి, కప్పు బెల్లంలో పావుకప్పు నీళ్ళు పోసి ముదురు పాకం రానిచ్చి, అంటే నీళ్ళలో వేస్తే గట్టి ఉండ అవ్వాలి, అందులో గవ్వలు వేసి కలిపెయ్యడమే.

అయితే గవ్వలు చెయ్యడం సగం పని, ప్లేట్లు పంచడం మిగతా సగం. మా ఫ్లోర్‌లో నాలుగిళ్ళు, 24 సాయంత్రం పిల్లలిద్దరూ ప్లేటు మీద కాగితం కప్పుకుని తలుపు కొట్టి "హ్యాపీ క్రిస్మస్ ఆంటీ" అని ఇచ్చి రావాలి, మేం వెనక నిలబడతాం, మాట్లాడం. మొదటిసారి మా పాప సిగ్గుపడి ప్లేటు గుమ్మంలో పెట్టి పారిపోయి వచ్చింది, ఇప్పుడు ఎదురింటి మామ్మతో కూర్చుని కబుర్లు చెప్పి వస్తుంది. సంక్రాంతికి ఆ మామ్మ దగ్గర్నుంచి అరిసెలు వస్తాయి, రంజాన్‌కి పక్కింటి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది. ఒక ప్లేటు మాత్రం వాచ్‌మెన్ ఇంటికి, అది అందరికన్నా ముందు ఇవ్వాలని మావారి రూలు.

క్యారల్స్ గురించి ఒక మాట. సంఘం వాళ్ళు ఏ రాత్రి ఒంటిగంటకో రెండింటికో వస్తారు, పిల్లలు పడుకున్నారు లెండి అని చాలామంది లేపరు. లేపండి. ఏడాదికి ఒక్క రాత్రి నిద్ర చెడితే ఏం కాదు, గిటారు డప్పు వాయిస్తూ ఇంటి ముందు పాతిక మంది పాడుతుంటే స్వెట్టర్ వేసుకుని నాన్న చంకలో నిద్రకళ్ళతో చూసింది పిల్లలు మర్చిపోరు, నేను మర్చిపోలేదు. కానుక కవరు పాస్టర్ గారి చేతికి పిల్లలతోనే ఇప్పించండి.

క్రిస్మస్ తాత నిజమా అని అడిగితే మేం అబద్ధం చెప్పం. చాలాకాలం కిందట ఇప్పటి టర్కీలో ఉన్న మూర అనే ఊళ్ళో నికొలస్ అనే బిషప్ ఉండేవారు, పేదలకి ఎవరికీ తెలియకుండా సాయం చేసేవారని కథలు చెప్పుకుంటారు, డిసెంబర్ 6 ఆయన్ని తలుచుకునే రోజు అని చెప్తాం. ఆ రోజు పిల్లలు వాళ్ళ బొమ్మల్లో బాగున్నది ఒకటి ఎంచి ఇంకొకరికి ఇవ్వాలి, పాడైనది కాదు. ఇది కష్టంగానే ఉంటుంది, ఏడుస్తారు, బలవంతపెట్టకుండా ఒక రోజు టైం ఇవ్వండి.

25 అయ్యాక హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళు ఒక రోజు మెదక్ చర్చికి వెళ్ళండి, సుమారు 100 కిలోమీటర్లు. 25న అయితే జనం విపరీతం, చిన్నపిల్లలతో వద్దు, తర్వాత వారంలో పొద్దున్నే బయల్దేరండి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేసిన చర్చి అది, శిఖరం ఎత్తు 175 అడుగులు, కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించారు అని చెప్తే పిల్లలు శ్రద్ధగా వింటారు. రంగు అద్దాల కిటికీల్లో ఒకదాంట్లో యేసు పుట్టుక ఉంటుంది, అది పగటి వెలుతురులోనే కనపడుతుంది కాబట్టి ఎండ ఉండగా వెళ్ళాలి. మా పాప అందులో తొట్టి వెతికి, "మన గడ్డి కన్నా తక్కువే ఉంది" అంది.

తూర్పు నుంచి బాలయేసుకి కానుకలు తెచ్చిన జ్ఞానుల బొమ్మల్ని మాత్రం మేం ముందే పాకలో పెట్టం, 25న హాల్లో టీవీ దగ్గర నుంచి బయల్దేరదీస్తాం. పిల్లలు రోజూ వాటిని కొంచెం జరుపుతారు, సోఫా, ఫ్రిజ్, చెప్పుల స్టాండు అన్నీ దాటుకుని, జ్ఞానులు వచ్చిన రోజుగా తలుచుకునే జనవరి 6కి పాక చేరతాయి. ఆ రోజు సాయంత్రం స్టార్ కాగితం చింపే పని పిల్లలది, ఫ్రేము మళ్ళీ అటక మీదకి, బొమ్మలు పాత బట్టల్లో చుట్టి డబ్బాలోకి. తొట్టిలో గడ్డి మాత్రం దాచం. మర్నాడు పొద్దున మా వీధి చివర పాలవాళ్ళ ఆవు దగ్గరికి ఇద్దరూ గుప్పెట్లో పట్టుకెళ్ళి పెడతారు, ఇంతోటి గడ్డి ఆ ఆవుకి ఒక్క నోటికి కూడా చాలదు, అయినా అది తినేదాకా అక్కడే నిలబడి చూసి వస్తారు.