బోనాలకు ముందు మీ పాదాలు చూసుకోండి

మొన్న మా వాకింగ్ గ్రూపులో షుగర్ ఉన్న ఒక అన్నకు ఎడమకాలి బొటనవేలు తీసేశారు. పెద్ద యాక్సిడెంట్ ఏమీ కాలేదు. చెప్పులో మేకు దిగింది, అంతే. ఆ మేకుతోనే రెండు రోజులు నడిచాడు. కూరగాయలకు వెళ్లాడు, పార్కుకు వచ్చాడు, మాతో నాలుగు రౌండ్లు తిరిగాడు. ఇల్లు తుడుస్తుంటే టైల్స్ మీద చిన్న చిన్న ఎర్రమచ్చలు కనపడి, అవి ఎక్కడివా అని వాళ్లమ్మాయి వెతికితే నాన్న చెప్పు దగ్గర తేలాయి.

ఆ చెప్పు నేను చూశాను. పైకి మామూలుగానే ఉంది. వేలితో తడిమితే బొటనవేలు ఆనే చోట మేకు మొన తగిలింది. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర అట్ట నల్లగా గట్టిపడింది. రెండు రోజుల రక్తం అది.

మేకు తీశాక పసుపు అద్దుకుని మళ్లీ ఎనిమిది రోజులు నడిచాడు. దవాఖానకు ఎందుకు పోలేదన్నా అంటే, "నొప్పి లేదు కదమ్మా, నొప్పి ఉంటే చూపించుకునేవాణ్ణి" అన్నాడు. తొమ్మిదో రోజు వాసన వచ్చింది. అప్పటికే వేలు నల్లబడింది.

నాకు షుగర్ వచ్చి పదమూడేళ్లు. ఈ "నొప్పి లేదు కదా" అనే మాట ఈ పదమూడేళ్లలో ఎన్ని ఇళ్లలో విన్నానో. మా పెద్దమ్మ అన్నది, ఆమెకు మోకాలి కింద కాలు పోయింది. మా వీధి టైలర్ అన్నాడు, ఆయన కుట్టుమిషన్ అమ్మేశాడు. ఇప్పుడు ఆషాఢం వస్తోంది. గోల్కొండతో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజా. నెల రోజులు సగం నగరం చెప్పుల్లేకుండా నడుస్తుంది. కింద బురద, పైన వాన. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను.

అన్నం తగ్గించండి, పొద్దున్నే నడవండి, స్వీట్లు మానండి అని నేను చెప్పక్కర్లేదు. అవి మీకు నోటికొచ్చు. జొన్నరొట్టె గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. పాదం గురించి మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లోనే చెప్పింది. షుగర్ ఉన్న ప్రతి ఐదుగురిలో కనీసం ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదం మీద పుండు పడుతుందని డాక్టర్ల అంచనా. మా గ్రూపులో షుగర్ ఉన్నవాళ్లం పదకొండు మందిమి. లెక్క మీరే వేసుకోండి.

నొప్పి ఎందుకు లేదు

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. పొడవైన నరాలు ముందు పోతాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి నడుము దగ్గర నుంచి కాలివేళ్ల దాకా వెళ్లేవి. అందుకే మొదట వేళ్ల చివర్లు మొద్దుబారతాయి. తర్వాత మేజోడు తొడుక్కున్నట్టు ఆ మొద్దుతనం మెల్లగా పైకి పాకుతుంది. కొందరికి ముందు తిమ్మిర్లు, రాత్రిపూట మంటలు. కొందరికి అవీ ఉండవు. మంటలు వాటంతట అవే తగ్గాయంటే సంతోషపడకండి. ఒక్కోసారి నరం పూర్తిగా పనిచేయడం మానేసిందని అర్థం.

నొప్పి అనేది కాపలా కుక్క లాంటిది. అది అరవడం లేదంటే దొంగ రాలేదని కాదు.

ఈ ఆదివారమే చేసుకోవాల్సిన పరీక్ష

దీనికి మిషన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, కానీ ఇంకో మనిషి కావాలి. చెప్పులు, సాక్సులు విప్పి కళ్లు మూసుకుని పడుకోండి, లేదా కాళ్లు చాపుకుని కూర్చోండి. రెండో మనిషి చూపుడువేలి చివరతో మీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద తేలిగ్గా తాకాలి. రెండు కాళ్లకూ కలిపి ఆరు చోట్లు. ఒక్కోచోట ఒకటి రెండు సెకన్లు, అంతే. నొక్కకూడదు, రుద్దకూడదు, తట్టకూడదు. తాకిన ప్రతిసారీ మీరు కుడి, ఎడమ అని చెప్పాలి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోతే మీ పాదాలకు ప్రమాదం ఉన్నట్టే. ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

మేం పోయిన ఆదివారం పార్కు బెంచీల మీద జతలు జతలుగా కూర్చుని చేశాం. మొదట అందరికీ సిగ్గు. ఒకరి పాదం ఒకరు పట్టుకోవడం మనకు అలవాటు లేదు కదా. ఒక అక్కయితే "నా కాళ్లు నువ్వు ముట్టుకోవడమేంటి, పెద్దదానివి" అని వెనక్కి లాక్కుంది. బతిమాలి చేశాను. ఆరింటిలో నాలుగు ఆమెకు తెలియలేదు. కళ్లు తెరిచి, "ముట్టుకున్నావా నిజంగా?" అని అడిగింది. ఆ ముఖం నాకు ఇంకా కళ్లముందే ఉంది. పదకొండు మందిలో నలుగురికి తేడా కనపడింది. ఆ నలుగురిలో ఒక్కరికీ అప్పటిదాకా నొప్పి లేదు.

గ్రూపు వల్ల ఇంకో మేలు ఉంది. అరికాలు ఎవరిది వారికి కనపడదు. కళ్లు మసకేసినవాళ్లకు, పొట్ట అడ్డం వచ్చేవాళ్లకు, మోకాళ్లు వంగనివాళ్లకు అసలే కనపడదు. ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్లు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. వారానికి ఒకసారైనా ఇంకొకరి కళ్లు పడితే మంచిది. మేం అందుకే జతలు కట్టుకున్నాం. మీ బస్తీలో, మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురు చేరినా చాలు. డబ్బుల ఇబ్బంది ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానకు వెళ్లండి. షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు, గోలీలూ ఇస్తారు. పాదం కూడా చూడమని అడగండి. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చూడరు.

చెప్పులు

వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి. తర్వాత లోపల చెయ్యి పెట్టి తడమండి. కాలికి తెలియనిది చేతికి తెలుస్తుంది. ఆ అన్న ఈ ఒక్క పని చేసి ఉంటే వేలు ఉండేది.

హవాయి చెప్పులు వద్దు. వేళ్ల మధ్య పట్టీ ఒరుసుకుని చర్మం లేస్తుంది, మీకు తెలియదు. వెనక పట్టీ ఉన్నవి, ముందు వెడల్పుగా ఉన్నవి తీసుకోండి. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సరైన సైజు తెలుస్తుంది. స్పర్శ పోయినవాళ్లకు ఎంసీఆర్ చెప్పులని మెత్తటి రబ్బరువి ఉంటాయి, డాక్టరును అడగండి. సాక్సులు తెల్లవే వేసుకోండి. రక్తం, చీము మరక వెంటనే కనపడుతుంది. కొత్త చెప్పులు మొదటి రోజు ఒక గంట, అంతకు మించి వద్దు. ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి. పూజగదిలోకి పోవాలంటే గుడ్డ బూట్లు ఒక జత విడిగా పెట్టుకోండి.

బోనం రోజు

ఇక్కడ నా మాట కొందరికి కష్టంగా ఉంటుంది. పరీక్షలో తేడా వచ్చినవాళ్లు చెప్పుల్లేకుండా బోనం ఎత్తకండి. పోయినేడు మా గ్రూపులో ఒక అక్క కోడలి నెత్తిన బోనం పెట్టి, తను గుడ్డ బూట్లతో పక్కన నడిచింది. గుడి గడప దగ్గర విప్పింది, దర్శనం కాగానే వేసుకుంది. అమ్మవారు వద్దనలేదు.

బోనం ఎత్తినవాళ్ల కాళ్లమీద దారిపొడవునా నీళ్లు పోస్తారు. ఆ తడి వేళ్ల సందుల్లో నిలుస్తుంది, చర్మం నాని పగులుతుంది, అక్కడ నుంచి చీము పడుతుంది. ఇంటికి రాగానే మామూలు నీళ్లతో కడిగి, ప్రతి వేలి సందూ మెత్తని గుడ్డతో అద్దండి. పాదాలకు నూనె రాసుకోండి కానీ వేళ్ల సందుల్లో రాయకండి.

పాదాలకు పసుపు రాసుకునే ముందే అరికాళ్లు చూసుకోండి. పసుపు రాశాక ఎరుపు కనపడదు, చిన్న కోత కనపడదు. మెట్టెలు బిగుతుగా ఉంటే ముందురోజే తీసేయండి. లైన్లో గంటలు నిలబడితే వేళ్లు వాస్తాయి, మెట్టె లోపలికి దిగబడుతుంది. నొప్పి లేదు కదా, మీకు తెలియదు.

ఒక్కపొద్దు ఉండేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడండి. గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల తర్వాత షుగర్ మిషన్‌తో చూడండి. 70 కంటే తక్కువే ఉంటే మళ్లీ తాగండి. ఒక్కపొద్దు అక్కడితో ఆపేయండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోన్ చేయండి.

దెబ్బ తగిలితే

ఎంత చిన్నదైనా ఆ రోజే చూపించండి. ఆ రోజే. పండగ అయ్యాక కాదు, ఆదివారం పోయాక కాదు. శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, వెళ్లండి. పసుపు, కాఫీపొడి, సున్నం, కిరోసిన్ ఏవీ వద్దు. అవి రాస్తే డాక్టరుకు పుండు లోతు కనపడదు.

ఇంకో తప్పు నేను చాలా చూశాను. రోజూ డ్రెస్సింగ్‌కు పోతారు, పోవడం మాత్రం ఆ పుండు మీదే నడుచుకుంటూ పోతారు. అరికాలి పుండు మీద బరువు పడుతున్నంత కాలం ఏ మందూ దాన్ని మాన్పలేదు. నొప్పి ఉన్న మనిషి కుంటుతాడు, ఆ కుంటడమే అతని పాదాన్ని కాపాడుతుంది. నొప్పి లేని మనిషి నిటారుగా నడుస్తాడు. అందుకే బరువు ఎలా తప్పించాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. మానేదాకా మా గ్రూపులో నడక బంద్. బెంచీ మీద కూర్చుని చేతులతో వ్యాయామం చేయిస్తాం, కబుర్లు చెబుతాం, కానీ నడవనివ్వం.

ఇక మిగిలినవన్నీ వరుసగా రాస్తున్నాను. ఒక్కటీ వదలకండి.

రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు చూడండి. పైన, కింద, మడమ, వేళ్ల సందులు.

కాళ్ల మీద పోసుకునే నీళ్ల వేడి ముందు మోచేత్తో చూడండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. వేడినీళ్లలో ఉప్పేసి పాదాలు ముంచకండి. హీటింగ్ ప్యాడ్ కాళ్ల దగ్గరికి రానివ్వకండి.

ఆనెకాయలను బ్లేడుతో కోసుకోకండి. మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్ అంటించకండి, అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది.

గోళ్లు నేరుగా తీయండి. మూలలు తవ్వకండి.

రోడ్డు మీద నిలిచిన నీళ్లలో దిగకండి. దిగక తప్పకపోతే మూసి ఉండే బూట్లతోనే.

బండి సైలెన్సర్‌కు కాలు ఆనించకండి.

మధ్యాహ్నం గుడి బండల మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణ వద్దు. వాన లేని రోజు ఆ బండలు కాలుతుంటాయి.

కింద పడుకునేవాళ్లు దుప్పటి పాదాల కిందికి మడిచి పడుకోండి. ఎలుక కొరికినా తెలియని పాదాలు ఉంటాయి. ఇది భయపెట్టడానికి రాయడం లేదు, జరుగుతోంది కాబట్టి రాస్తున్నాను.

సిగరెట్, బీడీ, గుట్కా మానేయండి. పాదానికి వచ్చే కొద్దిపాటి రక్తాన్నీ అవి తగ్గించేస్తాయి.

షుగర్ నార్మల్ వచ్చిందని గోలీలు మానకండి.

ఒక కాలు మాత్రమే వాచి వేడిగా ఉంటే, బెణికిందని నూనె రాసి నడవకండి. లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు, నొప్పి లేకుండానే. కాలు కింద పెట్టకుండా దవాఖానకు పోండి.

ఎరుపు, వాపు, చీము, వాసన, నల్లబడటం, జ్వరం, కారణం లేకుండా షుగర్ పెరగడం. వీటిలో ఒక్కటి కనపడినా రేపటికి వాయిదా వేయకండి. రాత్రయినా సరే.

"నొప్పి లేదు కదా" అని ఇంట్లో ఎవరన్నా అంటే అక్కడికక్కడే సాక్సు విప్పించండి. నాన్నయినా, అత్తగారైనా, కోపం తెచ్చుకున్నా సరే.

దవాఖానకు పోయేటప్పుడు ఆ రోజు వేసుకున్న చెప్పులు కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. పాదంతో పాటు వాటినీ డాక్టరు చూడాలి.