చెరువు గట్టు మీద బోర్డు బిగించే ముందు గ్రౌండ్ చూసుకోండి

వానలు దగ్గరపడ్డాయి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకు సొంతంగా ఆర్డినోతో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న కంట్రోలు బోర్డు) ఏరేటర్ (నీళ్లకు గాలి పట్టించే యంత్రం) కంట్రోలు, సెన్సర్లు కట్టుకునేవాళ్లు ఇవి చూసుకోండి. గ్రౌండ్ అంటే సర్క్యూట్‌లో వోల్టులన్నీ దేనితో పోల్చి కొలుస్తామో ఆ మైనస్ వైపు.

– ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో కరెంటు తగ్గించే చవక సప్లై మైనస్‌ని బోర్డు గ్రౌండ్‌కి అస్సలు కలపొద్దు. అది నేరుగా 230 వోల్టుల లైనుకే కలిసి ఉంటుంది, ప్లగ్గు తిరగబడితే ఫేజే అవుతుంది, తడి గట్టు మీద నిలబడి ముట్టుకుంటే ప్రాణాలు పోతాయి.

– బోర్డుకు 5 వోల్టులు, మోటారు డ్రైవర్‌కు (బోర్డు సిగ్నల్‌ని బట్టి మోటారుకు కరెంటు ఇచ్చే సర్క్యూట్) 12 వోల్టులు విడిగా ఇస్తే మైనస్‌లు రెండూ కలపాలి. లేకపోతే వచ్చిన సిగ్నల్‌ని దేనితో పోల్చుకోవాలో డ్రైవర్‌కు తెలియదు. ప్లస్‌లు మాత్రం కలపకండి.

– మోటారు మైనస్, సెన్సర్ మైనస్ ఒకే వైరులో రానివ్వకండి. 0.1 ఓం ఉన్న వైరులో 5 ఆంపియర్లు పారితే అర వోల్టు తేడా వస్తుంది, మోటారు తిరిగినప్పుడల్లా రీడింగ్ ఎగిరిపడుతుంది. రెండిటినీ విడివిడిగా సప్లై దాకా తెచ్చి అక్కడే కలపండి.

– పీహెచ్, ఆక్సిజన్ ప్రోబ్‌లు (నీళ్లలో ముంచే సెన్సర్లు) ఒకే నీళ్లలో, ఒకే గ్రౌండ్ మీద ఉంటే ఉప్పునీరే వైరులా పనిచేసి ఒకదాని రీడింగ్‌ను ఇంకోటి చెడగొట్టొచ్చు. ఐసోలేటర్ బోర్డు (వైరుతో కలపకుండానే సిగ్నల్ దాటించేది) కొనండి, డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

– ఆప్టోకప్లర్ రిలేకి (వైరుతో కాక వెలుతురుతో సిగ్నల్ అందుకునే స్విచ్చు) విడి సప్లై ఇస్తే రెండు సప్లైలనూ కలిపే జంపర్ (చిన్న క్లిప్పు) తీసేయండి, అక్కడ గ్రౌండ్‌లు కలిపితే ఐసోలేషన్ పోయినట్టే.

– ఉప్పుగాలికి స్క్రూల కింద పచ్చటి చిలుము పడుతుంది. గీకి, బిగించి, సప్లై ఆపి మీటరు పెట్టండి: కలిపిన మైనస్‌ల మధ్య ఒక ఓం లోపే చూపించాలి.