ఊరి నీటి లెక్క వేసుకునే పద్ధతి

ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఇంతమందిని భూమి ఎంతవరకు మోయగలదన్న ప్రశ్నను నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో నీటి లెక్కతోనే మొదలుపెట్టాలి.

ముందుగా రాబడి చూడండి. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సుమారు 4,047 లీటర్లు పడినట్టు. మన గ్రానైటు నేలల్లో అందులో దాదాపు పదో వంతే భూగర్భానికి చేరుతుంది కనుక, ఏడాది వర్షపాతాన్ని 4,047తోనూ ఊరి ఎకరాలతోనూ గుణించి, వచ్చినదాన్ని పదితో భాగించండి.

తరువాత ఖర్చు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున 3,000 మంది ఉన్న ఊరికి ఏడాదికి సుమారు 6 కోట్ల లీటర్లు కావాలి. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే, కొంత తిరిగి ఇంకినప్పటికీ, పన్నెండు ఎకరాలకే దాదాపు అంత నీరు పెట్టాల్సి వస్తుంది. కాబట్టి తలల లెక్క దగ్గరే ఆగిపోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పశువుల వాటానూ కలపండి.

ఖర్చు రాబడిని మించితే బోరును మరింత లోతుకు దింపకండి. గ్రానైటు పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు పెరుగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు, మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు దెబ్బతింటాయి. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతం ఆ బాధను ఎంతో కాలం భరించింది. యాసంగిలో వరి తగ్గించి వేరుశనగ, జొన్న వంటి ఆరుతడి పంటలు వేయండి, వానాకాలానికి ముందే చెరువు పూడిక తీయించండి.